జ్వరం తగ్గింది, కడుపు నొప్పి మాత్రం పోలేదు: వారం వారం ఏం చూడాలి, ఏం చేయాలి

మా పాపకి ఏడేళ్లు. ఆగస్టులో మూడు రోజులు జ్వరం, రెండు రోజులు వాంతులు, నాలుగైదు మోషన్లు, అంతే, ఐదో రోజుకి లేచి కూర్చుంది. విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధిలో ఆ వారం ఏ ఇంటికెళ్లినా అదే కథ కాబట్టి మేమూ పెద్దగా కంగారు పడలేదు. ఆరో రోజు పొద్దున "అమ్మా, బొడ్డు దగ్గర నొప్పి" అంది. ఆ మాట మా ఇంట్లో వినపడకుండా పోవడానికి తొమ్మిది వారాలు పట్టింది.

ఆ తొమ్మిది వారాల్లో ముగ్గురు డాక్టర్లు, రెండు స్కానింగులు, కవరు నిండా సిరప్పులు, మా అత్తయ్యగారి వాము నీళ్లు, మూడుసార్లు దిష్టి. మేం చేసిన పెద్ద పొరపాటు ఏంటంటే మొదటి నుంచీ ఒక్క కారణం కోసమే వెతికాం. నొప్పి చోటు అదే, పిల్ల చెప్పే మాటా అదే, కానీ మొదటి వారంలో దానికి ఉన్న కారణం నాలుగో వారంలో లేదు, నాలుగో వారం కారణం ఎనిమిదో వారంలో లేదు. ఒకటి తగ్గేలోపు ఇంకోటి వచ్చి కూర్చుంది. అందుకే దీన్ని జబ్బుల పేర్లతో కాకుండా వారాల వరుసలో రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మా డాక్టర్‌గారి దగ్గర నేర్చుకున్నవీ, దెబ్బ తిని తెలుసుకున్నవీ రాస్తున్నాను. మీ పిల్లల డాక్టర్‌కి చూపించడం మానేసి ఇది చదువుతూ కూర్చోవద్దు.

ముందుగా: ఇది ఇవాళే ఆసుపత్రికి వెళ్లాల్సిన నొప్పా?

ఇది ఒకసారి చూసి వదిలేసే పని కాదు. నొప్పి ఉన్నన్నాళ్లూ, కొత్తగా ఎక్కువైన ప్రతిసారీ చూడాలి. ఎందుకంటే "వైరల్ తర్వాత నొప్పిలే" అని అలవాటు పడిపోయిన ఇంట్లో అపెండిక్స్ వచ్చినా ఎవరూ గుర్తుపట్టరు.

అపెండిక్స్ నొప్పి చాలామందిలో బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో, ఒక రోజు లోపు, కుడివైపు కిందకి జారి అక్కడే ఉండిపోతుంది. ఆకలి పూర్తిగా పోతుంది, వాంతి, కొద్దిపాటి జ్వరం ఉండొచ్చు. ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. ఒంటికాలి మీద రెండు గెంతులు గెంతమనండి. తొక్కుడుబిళ్ల ఆడినట్టు గెంతేస్తే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. గెంతబోయి పొట్ట పట్టుకుని ఆగిపోయినా, వంగి నడుస్తున్నా, కారు గతుకులో పడితే ఏడ్చినా ఆలస్యం చేయొద్దు. గెంతినంత మాత్రాన ఏమీ లేదని తేల్చేయడానికీ లేదు, మిగతా లక్షణాలు కూడా చూడాలి. అయిదేళ్ల లోపు పిల్లల్లో అపెండిక్స్ త్వరగా పగులుతుంది, పైగా వాళ్లు చోటు సరిగా చెప్పలేరు. అనుమానం ఉన్నప్పుడు ఆముదం పట్టడం, ఎనిమా ఇవ్వడం లాంటివి అసలు చేయకండి.

రెండోది డెంగ్యూ. మన దగ్గర వానలు మొదలైనప్పటి నుంచి నవంబరు దాకా దీన్ని మర్చిపోకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్ వైపు మా చుట్టాల ఇళ్లలో జ్వరం లేని ఇల్లు లేదు. జ్వరం దిగిపోతే గండం గడిచిందనుకుంటాం, డెంగ్యూలో అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. జ్వరం తగ్గిన ఒకటి రెండు రోజుల్లో గట్టిగా కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, పిల్ల మత్తుగా పడి ఉండటం, చేతులు కాళ్లు చల్లబడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రి అయినా బయలుదేరాలి.

ఇవి కాక వెంటనే వెళ్లాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి.

- ఆకుపచ్చగా పసరు వాంతి
- మోషన్‌లో రక్తం, లేదా తారులా నల్లటి మోషన్
- పొట్ట బల్లలా గట్టిపడటం, ముట్టుకోనివ్వకపోవడం
- ఆరేడు గంటలైనా ఉచ్చ పోయకపోవడం
- కళ్లు పచ్చబడటం, ఉచ్చ ముదురు పసుపు రంగులో రావడం
- కాళ్ల మీద, పిరుదుల మీద ఎర్రటి లేదా ఊదారంగు మచ్చలు
- మగపిల్లల్లో వృషణాల దగ్గర నొప్పి లేదా వాపు (సిగ్గుపడి కడుపు నొప్పి అనే చెప్తారు, మీరే అడిగి చూడాలి)
- విపరీతమైన దాహం, మాటిమాటికీ ఉచ్చ, వాంతులు, ఆయాసం కలిసి రావడం (షుగర్ వ్యాధి ఇలాగే బయటపడొచ్చు)
- మూడేళ్ల లోపు పిల్లలు పది ఇరవై నిమిషాలకోసారి కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చి, మధ్యలో సొమ్మసిల్లినట్టు పడుకోవడం (పేగులో పేగు దూరితే ఇలా ఉంటుంది)

బండి లేకపోతే 108. పసుపు కళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్తున్నా: కామెర్లకి పసరు పోయించుకురమ్మని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్ల మాట కాదనలేకపోతే కనీసం ముందు లివర్ పరీక్ష చేయించండి. వాచి ఉన్న లివర్ మీద ఏ ఆకో తెలియని పసరు పోయడం నాకైతే భయమే.

ఒక నోటుపుస్తకం పెట్టండి, నొప్పి మొదలైన రోజే

నేను ఇది నాలుగో వారంలో మొదలుపెట్టాను. మొదటి రోజు మొదలుపెట్టి ఉంటే ఒక స్కానింగ్, కనీసం రెండు సిరప్పులు మిగిలేవి. పెద్ద పనేం కాదు: టైమ్, నొప్పి ఎక్కడ, ఎంతసేపు, దానికి ముందు ఏం తింది, ఆ రోజు మోషన్ అయిందా, ఎలా అయింది, స్కూలా సెలవా, నొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తోంది, ఎలా తగ్గింది. నొప్పి ఎక్కడో అడిగేటప్పుడు "ఇక్కడా, ఇక్కడా" అని మీరు నొక్కి చూపించొద్దు. "ఒక్క వేలితో చూపించు నాన్నా" అనండి. అరచేతితో బొడ్డు చుట్టూ రుద్ది చూపించే నొప్పి చాలావరకు ప్రమాదం లేనిదే అవుతుంది, బొడ్డుకి దూరంగా ఒకే చోట వేలు పెట్టి చూపిస్తే డాక్టర్లు ఎక్కువ జాగ్రత్తగా చూస్తారు. బ్రిటన్ పిల్లల డాక్టర్ జాన్ ఆప్లీ ఎప్పుడో చెప్పిన లెక్క ఇది, ఇప్పటికీ వాడుతున్నారు.

వారానికోసారి బరువు కూడా రాయండి. ఒకే మిషన్ మీద, పొద్దున్నే. డాక్టర్‌గారు మా పుస్తకంలో ముందు చూసింది ఆ అంకెలే.

మొదటి రెండు వారాలు: నీళ్లు, తిండి, మందు కొలత

వాంతులు విరోచనాలు ఇంకా ఉంటే ఓఆర్ఎస్. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి, 200 మి.లీ. ప్యాకెట్‌ని 200లోనే. గ్లాసుకి సగం పొడి వేసి మిగతాది మడతపెట్టి దాచొద్దు. కొట్టులో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి జ్యూసులు ఓఆర్ఎస్ కావు. వాటిలో పంచదార ఎక్కువ, మోషన్లు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్‌గారు ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) అలాంటి వాటి మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. విరోచనాలు పట్టుకుంటే డాక్టర్లు జింక్ కూడా రాస్తారు, అది 14 రోజుల కోర్సు. మోషన్లు ఆగాయని మూడో రోజు మానేసేవాళ్లే ఎక్కువ, మేమూ ఆపేశాం.

తిండి ఆపొద్దు. ఇడ్లీ, మెత్తటి అన్నంలో పెరుగు, పెసరపప్పు కట్టు, చారు, అరటిపండు. పునుగులు, బజ్జీలు, ఆవకాయ ఓ రెండు వారాలు ఆగినా కొంపలు మునగవు. కూల్‌డ్రింక్ తాగితే గ్యాస్ పోతుందన్నది మన ఊళ్లో ఒక మొండి నమ్మకం. పోదు, పెరుగుతుంది. వాము నీళ్లు ఇస్తానంటే పెద్దవాళ్లతో గొడవ పడకండి, ఏడేళ్ల పిల్లకి పల్చగా రెండు చెంచాలతో నష్టం లేదు, అదే మందని కూర్చోకపోతే చాలు.

నొప్పి మరీ ఎక్కువగా ఉంటే పారాసిటమాల్. ఇక్కడే చాలా ఇళ్లలో తప్పు జరుగుతుంది. కిలోకి 15 మి.గ్రా. లెక్కన 20 కిలోల పిల్లకి 300 మి.గ్రా. కావాలి. కానీ మన షాపుల్లో 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉండే సీసా ఉంది, 250 ఉండేదీ ఉంది. మొదటిదైతే పన్నెండున్నర మి.లీ., రెండోదైతే 6 మి.లీ. సీసా మారి మూత కొలత అదే ఉంచితే డోసు రెట్టింపు అయినా అవుతుంది, సగమైనా అవుతుంది. డోసుకీ డోసుకీ కనీసం నాలుగు గంటలు, రోజుకి నాలుగు డోసులు దాటొద్దు. కామెర్ల అనుమానం ఉంటే అదీ అడగకుండా ఇవ్వొద్దు.

డెంగ్యూ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ ఉన్న నొప్పి మందులు వద్దు. డెంగ్యూ కాకపోయినా అవి ఖాళీ కడుపుతో వేస్తే గ్యాస్ట్రిక్ మంట వచ్చి కొత్త కడుపు నొప్పి తయారవుతుంది. పెద్దవాళ్లు నెలసరికి వాడే నొప్పి మాత్ర సగం విరిచి పిల్లకి ఇవ్వడం నేను కళ్లారా చూశాను. మెఫెనమిక్ యాసిడ్ మీద తీవ్రమైన అలర్జీ ప్రమాదం గురించి మందుల భద్రత చూసే ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరిక కూడా ఇచ్చింది. నిమెసులైడ్ అనే జ్వరం, నొప్పి మందుని 12 ఏళ్ల లోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు, ఇంట్లో పాత సీసా ఉంటే పారేయండి.

స్కానింగ్ రిపోర్టులో "నోడ్స్" అని ఉంటే

రెండో వారంలో సూర్యారావుపేటలో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తే స్కానింగ్ రాశారు. రిపోర్టు మా చేతికి రాగానే మావారు ఫోన్‌లో వెతికారు, ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నా.

మెడలో బిళ్లలు కట్టడం మనకి తెలుసు కదా, గొంతు నొప్పి వస్తే దవడ కింద ఉబ్బుతాయి, గొంతు తగ్గాక కూడా కొన్నాళ్లు చేతికి తగులుతాయి. పొట్టలో పేగుల్ని పట్టి ఉంచే పొరలో కూడా అలాంటి గ్రంథులే ఉంటాయి, రిపోర్టులో నోడ్స్ అంటే ఇవే. వైరస్ వచ్చినప్పుడు అవీ ఉబ్బుతాయి, నొప్పి పెడతాయి. మెసెంటెరిక్ అడినైటిస్ అనేది దీనికే. చాలామంది పిల్లల్లో రెండు నుంచి నాలుగు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, కొందరికి ఇంకొంచెం పడుతుంది. వైరస్ వల్ల వచ్చినదానికి యాంటీబయాటిక్ పనిచేయదు, పైగా మోషన్లు పట్టుకుంటాయి.

రిపోర్టులో 12 × 6 మి.మీ. అని రెండు అంకెలు ఉంటాయి. పెద్ద అంకె చూసి భయపడతాం, చిన్నదాన్ని చూడాలట. ఆ చిన్న కొలత 8 మి.మీ. లోపు ఉంటే మామూలుగా పట్టించుకోవాల్సింది లేదంటారు. ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా స్కాన్ చేస్తే చిన్న చిన్న నోడ్స్ కనిపిస్తాయి. కాబట్టి నోడ్స్ కనిపించినంత మాత్రాన నొప్పికి అవే కారణమని తేలినట్టు కాదు.

ఇక టీబీ. "పొట్టలో గడ్డలంటే టీబీనే" అని చెప్పేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకరుంటారు. మన దేశంలో టీబీని కొట్టిపారేయలేం నిజమే, కానీ దానికి వేరే గుర్తులుంటాయి: రెండు వారాలు దాటినా వదలని జ్వరం, బరువు తగ్గడం లేదా పెరగకపోవడం, ఇంట్లోనో దగ్గరివాళ్లలోనో టీబీ ఉండటం, స్కాన్‌లో గ్రంథులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవిగా కనిపించడం. ఇవుంటే తప్పకుండా పరీక్షలు చేయించాలి. ఏమీ లేకుండా ఆడుకుంటూ బరువు పెరుగుతున్న పిల్లకి అనుమానం మీద ఆరు నెలల మందులు మొదలుపెడతామంటే ఇంకో పిల్లల డాక్టర్‌ని కూడా అడగండి.

టైఫాయిడ్ కోసం చేసే విడాల్ రక్త పరీక్ష గురించీ ఇదే మాట. టైఫాయిడ్ బాగా తిరిగే ప్రాంతాల్లో పాత ఇన్‌ఫెక్షన్ వల్లో, టీకా వల్లో కూడా విడాల్ పాజిటివ్ రావచ్చు. జ్వరమే లేని పిల్లకి విడాల్ కాగితం చూసి టైఫాయిడ్ అని తేల్చడం కుదరదు. నిజంగా అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష) చేయిస్తారా అని అడగండి.

మూడు, నాలుగు వారాలు: పాల సంగతి

నోట్‌బుక్ మొదలుపెట్టిన అయిదో రోజుకే ఒకటి కనిపించింది. పొద్దున ఏడింటికి పాలు, ఏడున్నరకి నొప్పి, గుడగుడ, గ్యాస్. సాయంత్రం మళ్లీ పాలు, మళ్లీ అదే. వాంతులు విరోచనాలు వచ్చినప్పుడు పేగు లోపలి పై పొర దెబ్బతింటుంది. పాలలో ఉండే లాక్టోజ్‌ని అరిగించే ఎంజైమ్ ఆ పొరలోనే ఉంటుంది. పొర తిరిగి వచ్చేదాకా పాలు అరగవు. ఇది పాల అలర్జీ కాదు, జీవితాంతం ఉండేదీ కాదు, చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మేం చేసిందల్లా బలం రావాలని రెండు గ్లాసుల్ని మూడు చేయడం!

చేయాల్సింది: రెండు వారాలు పాలు, పాలతో కలిపే పొడులు, ఐస్‌క్రీమ్, పాలకోవా ఆపండి. పెరుగు, మజ్జిగ ఉంచండి, తోడు పెట్టినప్పుడు లాక్టోజ్ కొంత తగ్గిపోతుంది కాబట్టి చాలామందికి పడతాయి. కాల్షియం కోసం రాగి జావలో మజ్జిగ కలిపి ఇవ్వండి. రెండు వారాల్లో తేడా లేకపోతే పాలు కారణం కాదు, మళ్లీ మొదలుపెట్టేయండి. తేడా ఉంటే అరగ్లాసుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. ఏడాది లోపు పిల్లలకి, తల్లిపాలు తాగేవాళ్లకి ఇది సొంతంగా చేయొద్దు, తల్లిపాలు ఆపాల్సిన పనే లేదు.

అయిదో వారం: రోజూ మోషన్ అవుతోందిగా అని మోసపోకండి

పాలు ఆపాక వారం హాయిగా ఉంది. తర్వాత నొప్పి మళ్లీ వచ్చింది, ఈసారి అన్నం తినగానే. డాక్టర్‌గారు పొట్ట నొక్కి చూసి "లోపల నిండా ఉంది" అన్నారు. నేను నమ్మలేదు. రోజూ వెళ్తోందండీ అన్నాను. ఎలా వెళ్తోంది అంటే చెప్పలేకపోయాను, ఏడేళ్ల పిల్ల వెనక ఎవరు వెళ్లి చూస్తారు?

జబ్బు పడ్డప్పుడు ఒంట్లో నీళ్లు తగ్గుతాయి, తిండి తగ్గుతుంది, పడుకునే ఉంటారు, ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుడితే భయంతో బిగబట్టడం మొదలవుతుంది. బిగబట్టిన కొద్దీ ఇంకా గట్టిపడుతుంది. స్కూలు టాయిలెట్ బాగోదని అక్కడ వెళ్లరు, అది మరీ పెద్ద కారణం. మేక పెంటికల్లా ఉండలుగా వస్తున్నా, రెండు మూడు రోజులకోసారి లావుగా గట్టిగా వస్తున్నా, చెడ్డీకి మరకలు అంటుతున్నా మలబద్ధకమే. ఆ మరకల్ని చూసి విరోచనాలనుకుని మోషన్లు ఆగే మందు వేస్తే వ్యవహారం పూర్తిగా తలకిందులవుతుంది.

పొద్దున టిఫినయ్యాక, రాత్రి అన్నమయ్యాక అయిదు నుంచి పది నిమిషాలు కూర్చోబెట్టండి. తిన్న తర్వాత పేగు తనంతట తాను కదులుతుంది, ఆ వేళని వాడుకోవాలి. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్లు గాల్లో వేలాడకుండా కింద చిన్న పీట వేయండి, మోకాళ్లు నడుం కంటే పైకి రావాలి. ఫోన్ ఇవ్వొద్దు. వచ్చినా రాకపోయినా తిట్టొద్దు. జామకాయ, బొప్పాయి, ఆకుకూర పప్పు, చిక్కుడుకాయ, సరిపడా నీళ్లు. పేరుకుపోయిన తర్వాత తిండి ఒక్కటే చాలదు, డాక్టర్లు మలాన్ని మెత్తబరిచే పొడో సిరప్పో ఇస్తారు. రెండు రోజులు బాగా అయిందని ఆపేయకండి, వారాలు, ఒక్కోసారి నెలలు వాడాల్సి వస్తుంది. అలవాటు పడిపోతుందేమో అని నేనూ భయపడ్డాను, సాగిపోయిన పేగు మామూలు కావడానికి అంత టైమ్ పడుతుందని వివరించాక ఊరుకున్నాను.

నులిపురుగుల మందు ఫిబ్రవరి, ఆగస్టుల్లో స్కూల్లో వేస్తారు. వేయకపోతే డాక్టర్‌ని అడిగి ఒకసారి వేయించండి, అంతకు మించి ప్రతి నొప్పికీ పురుగుల మందు తెచ్చుకోవద్దు.

అన్నీ నార్మల్, అయినా నొప్పి

దసరా సెలవులకి తెనాలి మా అమ్మ దగ్గర పది రోజులు ఉన్నాం. పుస్తకంలో పది రోజులూ ఖాళీ. స్కూలు తెరిచే రోజు పొద్దున ఆరున్నరకి మళ్లీ నొప్పి. మావారు "చూశావా, నాటకం" అన్నారు. అది నాటకం కాదు. ఏడుస్తున్న పిల్ల మొహం పాలిపోయింది, చేతులు చల్లగా ఉన్నాయి.

వైరస్ పోయినా పేగుల్లోని నరాలు కొన్నాళ్లు అతిగా స్పందిస్తాయి. మామూలు గ్యాస్ కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. పేగుకీ మెదడుకీ మధ్య ఎప్పుడూ కబుర్లు నడుస్తూనే ఉంటాయి కాబట్టి భయం, టెన్షన్ దాన్ని పెంచుతాయి. పరీక్ష ముందు మనకి కడుపులో తిప్పినట్టు ఉండదూ, అదే. ఇలాంటి నొప్పి నెలకి కనీసం నాలుగుసార్లు చొప్పున రెండు నెలలు సాగి, వేరే కారణం కనపడకపోతే దాన్ని ఫంక్షనల్ నొప్పి అంటారు. పరీక్షలో ఏమీ కనపడకపోయినా పిల్లకి నొప్పి మాత్రం నిజంగానే తెలుస్తుంది, ఇంట్లో అందరికీ ముందు ఇది అర్థం కావాలి.

ఇక్కడ నుంచి పని మనది. "నొప్పి ఉందా?" అని అడగడం పూర్తిగా ఆపండి. నేను రోజుకి ఎన్నిసార్లు అడుగుతున్నానో ఒకరోజు లెక్కపెడితే పదకొండు వచ్చింది. నొప్పి గురించే మాట్లాడుతుంటే పిల్లల ఫిర్యాదులు పెరుగుతాయనీ, మాట మళ్లిస్తే తగ్గుతాయనీ పరిశోధనల్లోనే చూశారు. తను వచ్చి చెప్తే "సరే తల్లీ, నాకు తెలుసు, కాసేపట్లో తగ్గుతుంది" అని ఒక్కసారి చెప్పి ఏదో పని కల్పించండి. అంటే పట్టించుకోవద్దని కాదు, ముందు రాసిన ప్రమాద గుర్తుల మీద మీ కన్ను ఉండాల్సిందే, ఆ కన్ను పిల్లకి కనపడక్కర్లేదు.

మాకు బాగా పనికొచ్చింది పడవ ఆట. వెల్లకిలా పడుకోబెట్టి బొడ్డు మీద కాగితం పడవ పెట్టాం. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి వెళ్లాలి, పడవ మునగకూడదు. ముక్కుతో నెమ్మదిగా గాలి పీలిస్తే పడవ లేస్తుంది, నోటితో ఇంకా నెమ్మదిగా వదిలితే దిగుతుంది. పది అలలు. నొప్పి లేనప్పుడు రోజూ రాత్రి ఆడితేనే నొప్పి వచ్చినప్పుడు చేయగలుగుతారు. గోరువెచ్చటి నీళ్ల బ్యాగు తువ్వాలులో చుట్టి పది నిమిషాలు పెట్టినా హాయిగా ఉంటుంది.

స్కూలు

తగ్గాక పంపుదాం అనుకుంటే తగ్గదు. ఇంట్లో ఉన్నకొద్దీ వెనకబడిన పాఠాలు, మర్చిపోయిన స్నేహితులు, ఇంకా భయం. మేం మూడు రోజులు మధ్యాహ్నం దాకా పంపి నాలుగో రోజు నుంచి పూర్తిగా పంపాం. టీచర్‌కి ఒక కాగితం రాసిచ్చాను: నొప్పి అంటే పది నిమిషాలు వెనక బెంచీలో కూర్చోనివ్వండి, నీళ్లు తాగనివ్వండి, టాయిలెట్ అడిగితే వెంటనే పంపండి, జ్వరమో వాంతో ఉంటే తప్ప ఇంటికి ఫోన్ వద్దు. మానేసిన రోజు ఇంట్లో టీవీ, ఫోన్ ఉండవు, జబ్బు రోజు జబ్బు రోజులాగే ఉండాలి. స్కూల్లో ఏమైనా జరుగుతోందేమో కూడా అడగండి, కానీ ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేసినట్టు అడిగితే నోరు విప్పరు. జడ వేసేటప్పుడో, బండి మీద వెళ్లేటప్పుడో వాళ్లే చెప్తారు. మా పాప బందరు రోడ్డులో సిగ్నల్ దగ్గర చెప్పింది: జబ్బు పడ్డ మొదటి రోజు క్లాసులోనే వాంతి చేసుకుందట, పిల్లలు నవ్వారట, మళ్లీ అలా అవుతుందేమోనని భయమట. తొమ్మిది వారాలు మోసింది పాపం. మర్నాడు బ్యాగులో ఒక కవరు, చేతి రుమాలు, ఇంకో జత బట్టలు పెట్టాను.

మళ్లీ డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

నొప్పి రెండు వారాలు దాటితే ఒకసారి, ఎనిమిది వారాలు దాటితే తప్పకుండా. బరువు తగ్గినా, గాఢనిద్రలోంచి నొప్పి లేపినా (నిద్ర పట్టకముందు చెప్పే నొప్పి వేరు), జ్వరం తిరిగొచ్చినా, కీళ్ల నొప్పులు, నోటిపూత, రాత్రిళ్లు మోషన్లు ఉన్నా అన్నాళ్లు ఆగొద్దు. ఉచ్చ పోసేటప్పుడు మంట అంటే యూరిన్ కల్చర్ అడగండి. మామూలుగా రక్త పరీక్ష, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చెప్పే రక్త పరీక్ష), యూరిన్, మోషన్ పరీక్షలతో మొదలుపెడతారు. సీటీ స్కాన్‌లో రేడియేషన్ ఎక్కువ కాబట్టి డాక్టర్‌కి గట్టి అనుమానం ఉంటే తప్ప మీరే అడిగి చేయించుకోవద్దు. ప్రైవేటులో ఖర్చు భరించలేకపోతే విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో పిల్లల విభాగం ఉంది. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పట్టుకెళ్లండి, పైన ఆ నోటుపుస్తకం. మా డాక్టర్‌గారు ఫైలు పక్కన పెట్టి ముందు పుస్తకమే తిరగేశారు, తొమ్మిదో వారం పేజీలో రెండే ఎంట్రీలు ఉన్నాయి, రెండూ సోమవారం పొద్దునవే.